కొత్త బాయిలరు, పాత చింతపండు

మా మేనత్త అడిగింది ఒక్కటే ప్రశ్న. రంగూనులో నాకిచ్చిన గదికి తలుపు ఉందా, లేదా?

అప్పటికి నేను రంగూను చేరి నాలుగేళ్ళు. మొదటి పెద్ద యుద్ధం ముగిసి అయిదారేళ్ళయిన రోజులవి. అహ్లోన్‌లో నది ఒడ్డున ఒక బియ్యం మిల్లులో గొట్టాలు బిగించే పని నాది. మేస్త్రీ మా నాన్నకు తమ్ముడు, నాకు సొంత చిన్నాన్న. మేనత్త వాళ్ళిద్దరికీ అక్క. ఆమె కూతురితోనే నాకు పెళ్ళయింది. పెళ్ళయిన పదోరోజుకే ఓడెక్కి వచ్చేశాను. పిల్లను పంపమని నేను రాయడం, పంపనని ఆమె రాయించడం, రెండేళ్ళుగా ఇదే నడుస్తోంది.

పంపకపోవడంలో ఆమె తప్పేమీ లేదు. మిల్లు కూలీలం నలభై మందిమి ఒకే పొడుగాటి షెడ్డులో ఉండేవాళ్ళం. శ్రీకాకుళం వైపు వాళ్ళు సగం, గంజాం వైపు వాళ్ళు సగం. చాప పరిచినంత మేరే ఎవడి ఇల్లయినా. గుమ్మానికి తలుపు లేదు, గోనెపట్టా వేలాడేది. పిల్లనెత్తుకున్న ఆడమనిషి ఆ షెడ్డులో కాలు పెట్టగా నేను చూడలేదు. ఊరికి వెళ్ళొచ్చిన ఎవడో ఈ సంగతంతా అత్తకు పూసగుచ్చినట్టు చెప్పాడు. వాడెవడో తెలిసి ఉంటే నాలుగు తగిలించేవాణ్ణి.

అయితే బాయిలరు గది వెనక రెండు చిన్న గదులు ఉండేవి. ఆవిరి గొట్టం ఎప్పుడు పగిలినా పరిగెత్తుకు రావాలని గొట్టాల వాళ్ళకు ఇచ్చేవారు. ఒకదాంట్లో చిన్నాన్న ఉండేవాడు. రెండోదాంట్లో ఉన్న ముసలాయన పని మానుకుని దేశం వెళ్ళిపోవడంతో అది నాకు దక్కింది. ఎనిమిదడుగుల గది. టేకు చెక్క తలుపు, దానికి నేనే కొట్టి బిగించిన ఇనప గడియ. ఆ గడియ పెట్టుకుని మొదటిరోజు లోపల ఒక్కణ్ణే కూచున్నాను. ఎవడి దగ్గూ వినపడలేదు. నాకెంత సంతోషం వేసిందంటే, తీసి మళ్ళీ పెట్టాను.

"తలుపు ఉంది, గడియ కూడా ఉంది" అని ఆ రోజే ఉత్తరం రాశాను.

జవాబుకి బదులు జాడీ వచ్చింది. మా ఊరి మనిషి ఒకడు ఓడ దిగి, దాన్ని చంటిపిల్లలా చంకలో పెట్టుకుని మిల్లు గేటు దగ్గరికొచ్చాడు. చింతపండు జాడీ. మా వైపు ఆడపిల్లను కాపురానికి పంపేటప్పుడు ఉప్పు, చింతపండు, పసుపు పుట్టింటి నుంచే వెళ్ళాలి. గింజ తీసి, పీచు తీసి, ఉప్పు వేసి దంచి రెండేళ్ళు మాగబెట్టిన చింతపండు అది. మూతకు గుడ్డ కట్టి, గుడ్డ మీద పసుపు బొట్లు పెట్టి పంపింది. తెచ్చినవాడు అత్త చెప్పిన మాటలు అప్పజెప్పాడు.

"జాడీ ముందల ఎల్తంది, ఎనకాల పిల్ల వొస్తాది. మూత దాని సేత్తోనే తియ్యాల. నువ్వు ముట్టుకున్నావంటే ఊరుకోను అని సెప్పమంది."

ఆ జాడీని గదిలో మూల పీట మీద పెట్టాను. షెడ్డులో వాళ్ళంతా విడివిడిగా వచ్చి చూసి వెళ్ళారు. మిల్లులో ఆ జాడీ సంగతి తెలియనిది ఇంజినీరు దొరకి ఒక్కడికేనేమో.

సరిగ్గా అప్పుడే కొత్త బాయిలరు వచ్చింది.

పాతది ముసలిదైపోయింది. నదినీళ్ళు, అందులోనూ పోటు మీద ఉప్పెక్కే నీళ్ళు, ఏళ్ళ తరబడి కాగి కాగి దాని కడుపంతా గార కట్టింది. దాన్ని విప్పి పడవకెక్కించి, కొత్తదాన్ని దించారు. నల్లగా నిగనిగలాడుతూ ఉంది. మా వాళ్ళు దానికి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టారు. ఇంజినీరు దొర పైపు నోట్లో పెట్టుకుని అదంతా చూస్తూ నిలబడ్డాడు. స్కాట్లండు మనిషి. మంచివాడే గానీ, ఇనుము విషయంలో ఎవరి మాటా వినడు.

కొబ్బరి ముక్కలు నోట్లో ఉండగానే ఆయన మా నెత్తిన పిడుగు వేశాడు. బాయిలరు నుంచి ఉప్పుడు బియ్యానికి ధాన్యం ఉడికించే తొట్ల దాకా వెళ్ళే ఆవిరి గొట్టాలు కూడా మార్చేయాలట. కొత్త బాయిలరుకి ఆవిరి చల్లబడి నీరై మళ్ళీ తన దగ్గరికే తిరిగి వచ్చే ఏర్పాటు ఉంది. పాత గొట్టాల్లో ఉన్న గార, తుప్పు, బురద అంతా ఆ నీళ్ళతో కలిసి కొత్త బాయిలరు కడుపులోకి పోతుంది. ఏడాది తిరక్కుండా అదీ పాతదానిలాగే అవుతుంది. అందుకని కొత్త గొట్టాలు తెప్పించి, వాటితో వచ్చే కొత్త ముఠా చేత వేయిస్తానన్నాడు. మమ్మల్ని పని నుంచి తీసేయడు, బస్తాల మోతకు పంపుతాడు. ఆ రెండు గదులు మాత్రం కొత్త ముఠాకి ఇవ్వాలి.

చెప్పి వెళ్ళిపోయాడు. నేను చిన్నాన్న ముఖం చూశాను. చిన్నాన్న నా ముఖం చూశాడు. నా భార్య ఎక్కే ఓడ కళింగపట్నంలో ఆ గురువారం బయలుదేరుతుంది. పై మంగళవారానికి రంగూనులో దిగుతుంది. ఆపడానికి వ్యవధి లేదు.

"అప్పకి తెలిస్తే నన్నేటి సేస్తాదో తెలుసా నీకు?" అన్నాడు చిన్నాన్న. యాభై ఏళ్ళ మనిషి. ముప్ఫై మంది కూలీలను కంటిచూపుతో నిలబెట్టేవాడు. అక్క పేరెత్తితే మాత్రం గొంతు సన్నబడిపోయేది.

నాకు కోపం వస్తే కాళ్ళు ఊరుకోవు. చిన్నాన్నని చెయ్యి పట్టి లాక్కుని దొర దగ్గరికి వెళ్ళాను. చిన్నాన్నకు బజారు హిందుస్తానీ బాగా వచ్చు. శనివారం వరకు గడువిమ్మని అడిగాడు. గొట్టాలన్నీ విప్పి, కడిగి, మళ్ళీ బిగిస్తాం, మురికి అన్నది లేకుండా చేస్తామన్నాడు. దొర ఒక పరీక్ష పెట్టాడు. శనివారం మధ్యాహ్నం కొత్త బాయిలరు ఆవిరిని ఆ గొట్టాల్లోంచి వదిలి, చివర తెల్ల తువ్వాలు పడతాడు. తువ్వాలు మీద తుప్పు మరక కనిపించిందా, గొట్టాలు పోయినట్టే, గదులూ పోయినట్టే.

మేం ఆరుగురం సోమవారమే మొదలుపెట్టాం. జాయింట్లు విప్పి, గొట్టాలను ముక్కలు ముక్కలుగా పెరట్లోకి మోశాం. తిన్నని గొట్టాలు పెద్ద బెడద కాదు. బయట చెక్క సుత్తితో కొడుతూ, లోపలికి ఇనప గొలుసు దూర్చి, ఇటొకడు అటొకడు నిలబడి లాగడమే. గొలుసు గరగరలాడుతూ గార రాల్చుకొస్తుంది. రెండు రోజులు మిల్లంతా మా చప్పుడే. గేటు బయట ఆకుకూరలమ్మే బర్మా ఆవిడ చెవుల్లో గుడ్డలు పెట్టుకుని కూచుంది.

ఆ గొట్టాల్లోంచి ఏమేం వచ్చాయో చెబితే నవ్వుతారు. ఎర్ర బురద సరే, గవ్వ పెంకులు సరే. ఒకదాంట్లోంచి ఇత్తడి సున్నం డబ్బీ టంగుమని కింద పడింది. అది చిన్నాన్నది. మూడేళ్ళ కిందట పోయింది. షెడ్డులో వంట చేసే గంజాం ముసలాయన కొట్టేశాడని ఆ మూడేళ్ళూ ఆయన చేత్తో తాంబూలం పుచ్చుకోలేదు చిన్నాన్న. జాయింటు బిగిస్తూ తనే గొట్టంలో పడేసుకున్నాడన్నమాట. మేమంతా చేతులాపి చూస్తూ ఉంటే, డబ్బీ తుడుచుకుని వంట పందిరి వైపు నడిచాడు. తిరిగొచ్చేసరికి నోరు ఎర్రగా పండి ఉంది.

అసలు చిక్కు వంపుల దగ్గర వచ్చింది. ఏడు వంపులు. గొలుసు వంపులో తిరగదు, కడ్డీ పోదు. వేలు పెట్టి చూస్తే లోపల గార రాయిలా బిగిసి ఉంది. సుత్తితో గట్టిగా కొడితే వంపు పగులుతుంది. బుధవారం పొద్దుటికల్లా మిగిలినవన్నీ శుభ్రమయ్యాయి, ఆ ఏడూ మాత్రం మమ్మల్ని చూసి వెక్కిరిస్తున్నట్టు పెరట్లో పడున్నాయి.

చింతపండు ఆలోచన నాదే. గొప్పకు చెప్పడం లేదు, తర్వాత తిట్లు తినాల్సింది కూడా నేనే కాబట్టి చెబుతున్నాను. మా ఇంట్లో ఇత్తడి బిందెల మీద గార కడితే ఆడవాళ్ళు చింతపండు పులుసు పోసి మరగబెట్టేవాళ్ళు. బిందెకు పనికొచ్చింది గొట్టానికి ఎందుకు పనికిరాదు?

"ఏటిరా, బాయిలరుకి పులుసు పెడతావా?" అన్నాడు చిన్నాన్న. కానీ వేరే దారి ఆయనకూ తోచలేదు.

బజారు నుంచి చింతపండు తెచ్చాం. నీళ్ళలో పిసికి, వంపుల్లో పోసి, రెండు చివరలా కొయ్య బిరడాలు కొట్టి, పెద్ద తొట్టెలో పెట్టి ఊక మంట మీద ఉడికించాం. ఆవిరి పోయేందుకు బిరడాకు చిన్న బెజ్జం వదిలాం. సాయంత్రం తీసి చూస్తే పైపైన మెత్తబడింది, లోపలి గార కదల్లేదు. అది ఆ ఏడాది కాసిన కొత్త పంట. ఎర్రగా, తియ్యతియ్యగా ఉంది. మాగిన పులుపు, ఉప్పు పట్టిన నల్ల చింతపండు అయితే తప్ప ఆ గార విడవదు.

అయిదుగురూ నా గది వైపు చూశారు.

"కుదరదు" అన్నాను.

"నానేటైనా అన్నానా?" అన్నాడు చిన్నాన్న.

"సూస్తన్నావు కదా సిన్నాన్నా."

"సూస్తే ఏటి? కళ్ళున్నాయి, సూస్తన్నాను."

ఆ రాత్రి నేను సరిగా నిద్రపోలేదని వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే లేచి జాడీ ముందు గొంతుక్కూచున్నాను. జాడీ దక్కితే గది పోతుంది. గది దక్కాలంటే జాడీ పోతుంది. జాడీ ఉండి గది లేకపోతే, ఆ జాడీ చంకనెత్తుకుని నా భార్య గోనెపట్టా గుమ్మంలో నిలబడాలి, నలభై మంది మగాళ్ళ మధ్య. ఆ ఊహకే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మూడే మూడు వీశెల చింతపండు కోసం ఏడ్చే మగాణ్ణి నేనేనేమో. పసుపు బొట్ల గుడ్డ ముడి విప్పాను. అత్త ముడి వేస్తే మాటలు కాదు, పళ్ళతో లాగాల్సి వచ్చింది.

మూత తీయగానే గదంతా మా ఇంటి వంటిల్లయిపోయింది. నల్లగా, తడితడిగా, ఉప్పు మెరుస్తూ ఉంది. పై పొరలో అత్త వేళ్ళ గుర్తులు అలాగే ఉన్నాయి, అదిమి అదిమి కూరింది కదా. ఆ గుర్తుల మీద చెయ్యి పెట్టి తీయడానికి నాకు మనసొప్పలేదు. పక్కనుంచి గరిటెతో తీశాను. అది ఏం మర్యాదో నాకూ తెలియదు.

గురువారమంతా వంపులు ఉడికాయి. మా ఊరి ఓడ అక్కడ లంగరెత్తే రోజు కూడా అదే. శుక్రవారం పొద్దున బిరడాలు తీసి కడ్డీతో తట్టాం. గార పెంకులు పెంకులుగా ఊడి పడింది. ఒక్కో పెంకూ వేలి మందం. లోపల చెయ్యి పెట్టి చూస్తే ఇనుము నున్నగా తగిలింది. చిన్నాన్న ఒక వంపును కన్నుకు ఆనించి అవతలి వెలుగు చూశాడు, తర్వాత నన్ను చూశాడు.

"అప్ప సెయ్యి పడితే ఇనుమైనా దారికొస్తాది" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నానికి అన్నీ తిరిగి బిగించాం. మా పనితనానికి మేమే మురిసిపోయి, గొట్టాల నిండా చన్నీళ్ళు పట్టాం, కారుతుందేమో చూద్దామని. కారడమా? తొమ్మిది చోట్ల చిమ్మింది. ఒక చోట చిన్నాన్న ముఖాన్నే కొట్టింది.

అప్పుడు అర్థమైంది మా తెలివి. ఆ గొట్టాలు ఎప్పుడో బలహీనపడ్డాయి. ఇన్నేళ్ళూ జాయింట్ల సందులూ సూది బెజ్జాలూ పూడ్చి కాపాడింది ఆ గారే. మేం దాన్ని పీచు మిగలకుండా కడిగేశాం. పాతవాటిని అతిగా శుభ్రం చేస్తే జరిగేది ఇదేనని ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు కనపడిన ప్రతి ఫిట్టరుకీ చెప్పాను, ఎవడూ వినలేదు.

చిన్నాన్న ముఖం తుడుచుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నవ్వితే ఇక మాకు భయమేముంది. జనపనార పేని, నూనెలో కలిపిన సీసపు సిందూరం ముద్దలో ముంచి, ఒక్కో జాయింటూ విప్పి చుట్టి మళ్ళీ బిగించాం. బెజ్జాలున్న చోట రేకు పట్టీలు వేశాం. శనివారం పది గంటల దాకా అదే పని. ఆ హడావిడిలో ఒక సంగతి మరిచిపోయాం. చింతపండు ఉడికించాక వంపుల్ని మూడు నాలుగు నీళ్ళు కడగాలి కదా. ఏ ఇంటి కోడలైనా బిందె అలాగే కడుగుతుంది. మేం ఒక్క నీళ్ళు పట్టి వదిలేశాం, ఆ నీళ్ళూ తొమ్మిది చోట్ల కారిపోయాయి.

మధ్యాహ్నం దొర తెల్ల తువ్వాలుతో వచ్చాడు. దాన్ని వెదురు కర్రకు కట్టి గొట్టం చివర పట్టించాడు. మిల్లులో పని ఆపి అందరూ చుట్టూ చేరారు. చిన్నాన్న వాల్వు తిప్పాడు. గొట్టం ఒకసారి దగ్గి, ఆవిరి బుస్సుమంది.

ముందుగా వచ్చింది వాసన. వేడివేడి పులిహోర వాసన. నలభైమంది తెలుగువాళ్ళూ గంజాం ఒరియావాళ్ళూ పొద్దుటి చల్దన్నం తప్ప ఏమీ తినకుండా నిలబడి ఉన్నారు. అందరి ముక్కులూ ఒకేసారి లేచాయి. వెనకెవడో ఇంగువ తక్కువైందన్నాడు. నవ్వులు మొదలయ్యాయి.

దొర నవ్వలేదు. తువ్వాలు విప్పి చూశాడు. దాని మీద అరచేతి మేర గోధుమరంగు మరక. తల అడ్డంగా ఊపాడు. తుప్పు, అని ఒక్క ముక్క అని తువ్వాలు కింద పడేశాడు. బట్ట కింద పడిన చప్పుడు ఏమీ ఉండదు, నాకు మాత్రం నా గడియ ఊడిపడినట్టు వినిపించింది. ఓడ అప్పటికి సముద్రం మధ్యలో ఉంది.

ఇందాకే చెప్పాను, నాకు కోపం వస్తే కాళ్ళు ఊరుకోవని. ఆ రోజు నాలుకా ఊరుకోలేదు. తువ్వాలు తీసుకుని, దొర కళ్ళముందే ఆ మరకను నాకేశాను. తుప్పయితే ఇనప చేదు తగలాలి, ఇసకలా పళ్ళకింద నలగాలి. నాకు తగిలింది అత్త చింతపండు. పులుపుకి ఒక కన్ను మూసుకుపోయింది.

"ఖట్టా, సాబ్" అన్నాను. నాకొచ్చిన హిందుస్తానీ అంతే.

దొర నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. చిన్నాన్న గబగబా వివరం చెప్పాడు: ఇమ్లీ, వంపులు, ఉడికించడం, కడగడం మరిచిపోవడం. జాడీ సంగతి కూడా చెప్పాడనుకుంటాను, ఎందుకంటే దొర ఒకసారి నా గది వైపు చూశాడు. తువ్వాలు అందుకున్నాడు. నేను నాకిన చోట కాక వేరే కొసన బొటనవేలితో రుద్ది, రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. గరుకు లేదు. కాసేపు తటపటాయించి, వేలు నాలుక చివరికి ఆనించాడు. ఆయన ముఖం మొత్తం ముక్కు దగ్గరికి చేరిపోయింది. అంత పులుపు ఆ జాతి మనిషి ఎన్నడూ తిని ఉండడు.

పావుగంట ఆవిరి వదలమన్నాడు. ఇంకో తువ్వాలు తెప్పించాడు. ఈసారి అది తడిసింది, అంతే. తెల్లగా ఉంది. అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి భుజాన వేసుకున్నాడు. గొట్టాలు ఉంటాయన్నాడు. వెళ్ళబోతూ ఆగి, గదులూ అన్నాడు.

ఆ వారమంతా మా మిల్లు ఉప్పుడు బియ్యం సన్నగా పులిహోర వాసన వేసింది. కొన్నవాళ్ళెవరూ తిప్పి పంపలేదు.

మంగళవారం ఓడ వచ్చింది. రేవులో డాక్టరు పరీక్షలు, తోపులాటలు అన్నీ దాటుకుని ఆమె నెత్తిన మూటతో బయటికొచ్చింది. పది రోజుల కాపురం తర్వాత నాలుగేళ్ళకు చూడటం కదా, అహ్లోన్ దాకా జట్కాలో ఎదురెదురుగా కూచుని బయటికి చూస్తూ వచ్చాం. గది దగ్గర దిగాక ఆమె మొదట తలుపునే చూసింది. లోపలికి వెళ్ళి వేసింది, గడియ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. నేను బయటే ఉండిపోయాను. లోపల ఆమె నవ్వడం వినిపించింది. ఆ నవ్వు కోసం ఇంకో పది జాడీలైనా పోసేసేవాణ్ణి.

గడియ తీసి అడిగింది. "జాడీ ఏది బావా?"

సాయానికి చిన్నాన్న కోసం చూశాను. ఇన్సేన్‌లో అర్జంటు పనుందని పొద్దున్నే రైలెక్కేశాడు. ఇన్సేన్‌లో ఆయనకు ఏ పనీ లేదని మిల్లులో అందరికీ తెలుసు. ఇక చేసేది లేక మొదటి నుంచీ అంతా చెప్పాను, నాకడంతో సహా. ఆమె వింటూనే మూల ఉన్న ఖాళీ జాడీ తెచ్చి ఒళ్ళో పెట్టుకుని, లోపలికి చూసింది. నేను తప్పు చేసినవాడిలా నిలబడ్డాను. చేసింది తప్పేనని అప్పుడే గట్టిగా అనిపించింది.

"అమ్మకి ఏటి రాస్తావు?" అంది.

"జాడీ బాగా వాడుకలోకి వొచ్చిందని రాద్దునా?"

"నిజివే రాయి. ఆయమ్మకి అబద్దం వాసన ముందలే తగుల్తాది."

ఆ పూట మొదటి వంటకు ఇంట్లో పులుపు లేదు. ఆమె గేటు దగ్గరికి వెళ్ళి, బర్మా ఆవిడ బుట్టలో చూసి తిరిగొచ్చి, "ఈళ్ళకీ గోంగూరున్నాది బావా" అంది, అంత దూరం వచ్చి చుట్టాన్ని చూసినట్టు. బర్మావాళ్ళు దాన్ని చింబవుం అంటారు, ఆకు మాత్రం అదే. గోంగూర పులుసుతో మా కాపురం మొదలైంది.

ఉత్తరం రాశాను. మూడు పేజీలు. జవాబు రాలేదు. వానలు మొదలయ్యాయి, ముగిశాయి. ఓడ వచ్చిన ప్రతిసారీ నేనూ చిన్నాన్నా మా ఊరివాళ్ళ కంట పడకుండా తిరిగాం. పిల్లను వెనక్కి పంపమంటుందేమోనని నా భయం. తనను పేరు పెట్టి తిడుతుందేమోనని ఆయన భయం.

పంటకోతలప్పుడు ఒకడు మిల్లు గేటు దగ్గర దిగాడు, రెండు చంకల్లో రెండు జాడీలతో. ఒకటి చిన్నది, ఒకటి దానికి రెండింతలు. రెంటికీ గుడ్డలు, రెంటికీ పసుపు బొట్లు. అత్త మాటలు వాడు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు.

"సిన్నది పిల్లకంట. పెద్దది ఆ బాయిలరుకంట. నా కూతురికి తలుపు నిలబెట్టినాది అదే, దానికీ పెట్టాల అంది. ఈసారైనా మూత పిల్ల సేత్తో తీయించమంది. మేస్త్రీని మూడు నీళ్ళు కడగమంది."

చిన్నాన్న గోడకు చేరగిలబడి చాలాసేపు నవ్వాడు. నా భార్య నవ్వలేదు, పెద్ద జాడీని రెండు చేతులా ఎత్తుకెళ్ళి తలుపు వెనక పెట్టింది. ఏడాది పొడుగునా కూరకని దాన్ని ముట్టుకోనివ్వలేదు. చిన్నది అయిపోయాక కూడా గోంగూరతోనే నెట్టుకొచ్చింది. అది బాయిలరుదట.

దొర ఏటా కడగమన్న ఆ గొట్టాలు మరుసటి ఏడు కడిగే రోజు వచ్చింది. ఆడవాళ్ళెవరూ రాని బాయిలరు గదిలోకి ఆమె ఆ జాడీతో వచ్చింది. దొర పక్కకు జరిగి దారిచ్చాడు. ఆమె ముడి విప్పి, మూత తీసి, తన చేత్తోనే మొదటి ముద్ద తీసి ఇచ్చింది. మూడు నీళ్ళూ కడిగాం. అయినా ఆవిరి వదిలేసరికి ఆ వాసన సన్నగా వచ్చింది. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోకుండా అలాగే నిలబడింది.

"మా అమ్మ వొచ్చినట్టున్నాది బావా" అంది.